అచ్చుకు ముందే చేతికొచ్చిన నవల: తప్పులు రచయితకు చెప్పాలా, ఊరుకోవాలా?

హనుమకొండ_శారద

ఒక యువ రచయిత తన మొదటి నవల పీడీఎఫ్ పంపించారు. వచ్చే నెలలో ఆవిష్కరణ సభ. ‘ముందే చదివి ఉంచుకోండి, విడుదలైన రోజున ఫేస్‌బుక్‌లోనూ అమెజాన్‌లోనూ నాలుగు మంచి మాటలు రాయండి’ అని అడిగారు. ప్రతి పేజీ అడుగున ‘తుది ప్రతి కాదు, ఇతరులకు పంపవద్దు’ అని ఉంది.

నవల నాకు నచ్చింది. బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లి పాత్రను ఇంత నిబ్బరంగా రాసినవాళ్లు ఈ మధ్య నాకు కనిపించలేదు. బాధ కూడా అందుకే. కథ మలుపు తిరిగేది మేడారంలో. 2023 ఫిబ్రవరి. సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు వస్తుంటుంది. ఎదురుకోళ్లు (తల్లికి ఎదురుగా కోళ్లను ఎగరేయడం), శివసత్తుల పూనకాలు. ఆ జనంలో నాయికకు ఎప్పుడో ఇల్లు విడిచి పోయిన తమ్ముడు కనిపిస్తాడు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ మహాజాతర జరిగింది 2022లో, ఆ తర్వాత 2024లో. 2023లో కాదు.

ఆయన అడిగింది మంచి మాటలు. తప్పు చెబితే నొచ్చుకుంటారేమో. చెప్పకపోతే పుస్తకం ఆ తప్పుతోనే అచ్చవుతుంది, మన జిల్లాలో మొదటి పాఠకుడే పట్టుకుంటాడు. ఏం చేయమంటారు?

పాకాల_చెరువు

ఈ రోజే ఫోను చేయండి. రేపటిదాకా ఆగవద్దు.

మేడారం_దారి

మాది మేడారం దగ్గరి తాడ్వాయి పక్క ఊరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2023 ఫిబ్రవరిలో అసలేమీ జరగలేదనడం కూడా సరికాదు. మహాజాతరకూ మహాజాతరకూ మధ్య వచ్చే ఏడాది మాఘమాసంలోనే చిన్న జాతర ఉంటుంది. మండమెలిగే పండుగ అంటాం. గుడి శుద్ధి చేస్తారు, పూజలు చేస్తారు, భక్తులు బాగానే వస్తారు, బెల్లం మొక్కులు చెల్లిస్తారు. కానీ తల్లులను గద్దెల మీదికి తీసుకురారు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ రావడం, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క రావడం, శనివారం వనప్రవేశం, ఇవన్నీ రెండేళ్లకోసారి వచ్చే మహాజాతరలోనే. కాబట్టి తప్పు తేదీ ఒక్కదానిలో లేదు, ఘట్టంలోనే ఉంది.

2022లో ఫిబ్రవరి 16 నుంచి 19 వరకు, 2024లో 21 నుంచి 24 వరకు జరిగింది. రచయిత ఏ ఏడాదికి మార్చినా పాత్రల వయసులన్నీ మళ్లీ చూసుకోవాలి.

కాజీపేట_రైలు

నాకూ అదే పీడీఎఫ్ వచ్చినట్టుంది, బీడీల తల్లి అనగానే గుర్తుపట్టాను. నాకు ఇంకొకటి కనిపించింది. నాయిక పుట్టింట్లో సద్దుల బతుకమ్మను ఏడో రోజునే ఆడేసి చెరువులో నిమజ్జనం చేస్తారు. పెతర అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలుపెడితే సద్దులు తొమ్మిదో రోజు. మా కాజీపేటలో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. ఊరి రచయితలే ఊరి పండుగను ఇలా రాస్తే ఎలా? ఇదీ ఆయనకు చెప్పాలి.

వేములవాడ_లత

దయచేసి చెప్పకండి!

మా వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజే. ఎప్పటి నుంచో అంతే. పెళ్లై వేరే ఊరికి వెళ్లిన ఆడపిల్లలు ఏడో రోజున ఇక్కడ ఆడి, తొమ్మిదో రోజుకు అత్తవారింటికి వెళ్లి అక్కడా ఆడతారు. శారద గారూ, నవలలో ఆ పుట్టింటి ఊరు ఏది?

హనుమకొండ_శారద

ఊరి పేరు కల్పితమే. కానీ రాజన్న గుడికి నడిచి వెళ్లేంత దగ్గర అని రాశారు.

వేములవాడ_లత

అయితే ఆయన రాసిందే నిజం. మా పండుగను ఇంత సరిగ్గా రాసిన మనిషిని ముందస్తు పాఠకులు కలిసి దిద్దేస్తే నాకు చాలా బాధ కలిగేది. కాజీపేట గారూ, మీ మీద కోపం కాదు. వరంగల్ పద్ధతే తెలంగాణ మొత్తానికి పద్ధతి అనుకోవడం మా వైపువాళ్లకు తరచూ ఎదురయ్యే విషయం.

కాజీపేట_రైలు

కోపం ఎందుకు, మంచి సంగతి తెలిసింది. కానీ నాలాంటి పాఠకులకు అది తప్పులాగే కనిపిస్తుంది కదా. అలాంటప్పుడు రచయిత ఒక్క వాక్యం కలిపితే చాలు: ‘మా దగ్గర ఏడో రోజే సద్దులు, తొమ్మిదో రోజుకు అత్తగారింటికి చేరాలి.’ కథకు కూడా అందం.

ప్రూఫుల_మాస్టారు

ఈ చర్చ నాకు చాలా దగ్గరిది. వరంగల్‌లో ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దుతూ బతికినవాడిని.

సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ కేసుల్లోంచి అక్షరాలు ఏరి పేర్చి, పొడవాటి గ్యాలీ పళ్లెంలోకి దించేవాడు. దానికి సిరా పూసి కాగితం అద్ది తీస్తే అదే గ్యాలీ ప్రూఫు. ఇంకా పేజీలు కట్టలేదు కాబట్టి అప్పుడు పేరా తీసేయమన్నా, కలపమన్నా ఎవరూ విసుక్కోరు. పేజీలు కట్టాక ఒక్క వరుస పెరిగితే అధ్యాయం చివరిదాకా జరపాలి. ఫారం, అంటే ఒక్క కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల జట్టు, బిగించి మిషన్ ఎక్కించాక ఇక తప్పొప్పుల పట్టికే గతి. ఏ దశలో చెప్పాం అన్నదాన్ని బట్టి మన మాటకు విలువ ఉండేది. అప్పటి రచయితలు గ్యాలీ దశలోనే ఒకరిద్దరు మిత్రులకు చూపించేవారు.

ఇప్పుడు డీటీపీ వచ్చాక కంప్యూటర్‌లో మార్చడం తేలికైంది. కానీ చదివే దశ మాత్రం చివరికి జరిగిపోయింది. ఆవిష్కరణకు నెల ముందు, అచ్చు ప్లేట్లు తయారయ్యే సమయంలో పీడీఎఫ్ పంపి ‘అభిప్రాయం చెప్పండి’ అంటారు. ఆ పాఠకుడి వల్ల పుస్తకానికి ఒరిగేది ఏముంది? చదవమన్నప్పుడు దిద్దడానికి వ్యవధి కూడా ఉంచాలి. లేకపోతే అది చదివించుకోవడం కాదు, చప్పట్లు బుక్ చేసుకోవడం.

శారద గారూ, ఆ మేడారం ఘట్టం ఏ పేజీలో ఉందో చెప్పండి. పుస్తకం సైజు డెమ్మీ 1/8 అయితే ఫారానికి 16 పేజీలు. అది ఏ ఫారంలో పడుతుందో చూద్దాం.

మానేరు_గట్టు

మాస్టారి మాట మీద గౌరవం ఉంది, కానీ అంగీకరించలేను. కరీంనగర్‌లో చిన్న ప్రచురణ నడుపుతున్నాను. రచయిత డబ్బో నా డబ్బో పెట్టి 500 ప్రతులు వేస్తాం. ఆ 500 అమ్ముడుపోవడమే గగనం. విడుదల రోజున పదిమంది మాట్లాడకపోతే పుస్తకం వచ్చిందని కూడా ఎవరికీ తెలియదు. పెద్ద పత్రికలు సమీక్షకు రెండు ప్రతులు పంపమంటాయి. పంపుతాం. చాలాసార్లు అందిన పుస్తకాల జాబితా ‘స్వీకారం’లో పేరు, వెల వస్తాయి, అంతే. అందుకే ముందస్తు ప్రతులు. అది ప్రచారమే, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

దిద్దుబాటుకు వేరే పాఠకులు ఉండాలి, చిత్తుప్రతి దశలోనే. ఇద్దరు చాలు. ఆవిష్కరణ ముంగిట ఇరవైమంది ఇరవై రకాల సవరణలు పంపితే రచయిత ఎవరి మాట వినాలి? సద్దుల బతుకమ్మ సంగతి ఇక్కడే చూశారు కదా. ఒప్పును తప్పు అని దిద్దించబోయారు.

పాకాల_చెరువు

రెండింటికీ వేర్వేరు పాఠకులు అన్న మాట బాగుంది. కానీ ఊళ్లో ఇద్దరికి మించి చదివేవాళ్లు దొరకాలి గదా.

జగిత్యాల_కిరణ్

ఇంగ్లిష్ పుస్తకాల విషయంలో ఈ రెండు పనులూ ఎప్పుడో విడిపోయాయి. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటూ కొన్నాళ్లుగా అలాంటి ప్రతులు చదువుతున్నాను కాబట్టి పద్ధతి చెబుతాను.

అక్కడ చిత్తుప్రతి చదివి సలహాలిచ్చేవాళ్లు ఒక వర్గం. ఎడిటింగ్ అయిపోయి, చివరి ప్రూఫు దిద్దకముందు తీసే ప్రతులు మరొకటి. అట్ట మీద ‘సవరించని ప్రూఫు, అమ్మకానికి కాదు’ అని ఉంటుంది. గ్రంథాలయాలకూ పుస్తక దుకాణాలకూ సలహా ఇచ్చే సమీక్షా పత్రికలు విడుదలకు నెలల ముందే ప్రతి అడుగుతాయి. అందుకే ఇవి చాలా ముందుగా బయటికి వస్తాయి. 2008లో నెట్‌గ్యాలీ అనే ముందస్తు ప్రతుల వెబ్‌సైటు వచ్చాక మామూలు పాఠకులు కూడా ఇంటర్నెట్‌లో అడిగి తీసుకోవచ్చు. ప్రచురణకర్త మన వివరాలు చూసి ఇస్తాడు లేదా కాదంటాడు. తీసుకున్న వాటిలో 80 శాతానికైనా అభిప్రాయం రాయాలని వాళ్లు ఆశిస్తారు. ఆశపడి ఎక్కువ పుస్తకాలు తీసుకుంటే ఆ శాతం పడిపోతుంది.

అక్కడ గట్టిగా పాటించే నియమం ఒకటుంది. ప్రూఫులోని వాక్యాన్ని సమీక్షలో ఉటంకించాలంటే అచ్చు ప్రతితో సరిచూసుకోవాలి. ప్రూఫులోని అచ్చుతప్పుల గురించి సమీక్షలో రాయకూడదు. అవి మారిపోయి ఉండవచ్చు. 1997లో హ్యారీ పోటర్ మొదటి పుస్తకం ప్రూఫు ప్రతిలో రచయిత్రి పేరే జె.ఎ.రోలింగ్ అని తప్పుగా పడింది. అసలు పుస్తకంలో సరిదిద్దారు. ఇప్పుడు ఆ ప్రూఫు ప్రతుల కోసం సేకర్తలు పోటీపడతారు.

శారద గారి రచయిత అడిగిన దాంట్లో ఒక్కటే నాకు నచ్చలేదు: అమెజాన్‌లో మంచి మాటలు రాయమనడం. పుస్తకాన్ని ఉచితంగా ఇవ్వడాన్ని అమెజాన్ ఒప్పుకుంటుంది. సమీక్ష రాయాలని షరతు పెట్టడాన్నీ, ఫలానా విధంగా రాయమనడాన్నీ ఒప్పుకోదు.

కాజీపేట_రైలు

అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో ‘అమ్మకానికి కాదు’ అని అట్ట మీదే ఉన్న ఇంగ్లిష్ ప్రూఫు ప్రతిని అమ్ముతుంటే చూశాను. ఎవరో సమీక్షకుడి ఇంటి పాత కాగితాల్లోంచి వచ్చి ఉంటుంది. కొనలేదు, మనసు ఒప్పలేదు.

పాత_సంచికలు

మన దగ్గర ముందస్తు పాఠకులు లేరన్నట్టు మాట్లాడుకుంటున్నారు. ఉన్నారు, చాలా బలంగా ఉండేవారు.

వారపత్రికల్లో ధారావాహికలు నడిచిన రోజులు గుర్తు చేసుకోండి. నవల పుస్తకంగా రాకముందే నెలల తరబడి వేలమంది వారం వారం చదివేవారు. ‘ఫలానా ఊరికి ఆ రైలు రాత్రిపూట లేదు’ అని ఉత్తరం రాసే పాఠకుడు ఎక్కడో ఒకచోట ఉండేవాడు. పుస్తకం వేసేటప్పుడు రచయిత అవన్నీ ముందు పెట్టుకుని దిద్దుకునే అవకాశం ఉండేది. ఒకే నవలను పత్రిక సంచికల్లోనూ పుస్తకంలోనూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ తేడాలు కనిపిస్తాయి. నా గ్రంథాలయ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

ఇక మన వరంగల్ సంగతి. కాళోజీ ఉన్న రోజుల్లో మిత్రమండలి సాహిత్య సమావేశాల్లో రాసినవాళ్లు తమ కొత్త రచనను అందరి ముందూ చదివి వినిపించేవారు. అచ్చయిన దాన్ని పొగడడానికి కాదు, అచ్చు కానిదాన్ని వినడానికి కూర్చునేవారు. ముఖం మీదే చెప్పేవారు, చెప్పించుకునేవారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టిన ఊరు మనది. చదువరులకు ఇక్కడ కరువు లేదు, అడిగేవాళ్లు కావాలి.

ఆ పని ఇప్పుడు ముందుమాట రాసేవారి మీద పడింది. పుస్తకాన్ని అచ్చుకు ముందు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది నిజానికి ఆయనే. కానీ ఆయన చేతికి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది, దీవించడమే మిగులుతుంది. ముందుమాట రాసే పెద్దలు మూడు పేజీల ప్రశంస బదులు రెండు పేజీల సవరణలు పంపితే తెలుగు పుస్తకం ఎంత బాగుపడుతుందో!

పాకాల_చెరువు

కొన్ని కవితా సంపుటాలకు అయిదు ముందుమాటలు ఉంటున్నాయి సార్. అయిదుగురు సవరణలు పంపితే కవి ఊరు విడిచి వెళ్లిపోతాడు.

కొత్త_కలం

నేను రాసేదాన్ని కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను. కథల సంపుటి అచ్చుకు ముందు కొంతమందికి పంపాను. ఎక్కువమంది ‘చాలా బాగుంది’ అని వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టారు. అది చదివారో లేదో కూడా తెలియదు. రచయితకు దానంత ఒంటరితనం ఇంకొకటి లేదు. మహబూబాబాద్ నుంచి ఒక టీచరమ్మ మాత్రం ఎక్కడ చదవడం ఆపి టీ పెట్టుకోవడానికి లేచారో కూడా పేజీ నంబరుతో రాశారు. ఆ కథ మధ్య భాగాన్ని మళ్లీ రాశాను.

అడిగేవాళ్లకు కూడా ఒక బాధ్యత ఉంది. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ఎక్కడ విసుగు పుట్టింది, ఏ పాత్ర మాట నమ్మబుద్ధి కాలేదు, ఊరి సంగతుల్లో ఏది తప్పు అని విడివిడిగా అడగాలి. శారద గారూ, ఆ రచయిత నొచ్చుకుంటాడని వెనుకాడవద్దు. పుస్తకం వచ్చాక సభలో మైకు ముందు ఎవరో లేచి మేడారం గురించి అడిగితే ఎంత నొచ్చుకుంటాడో ఆలోచించండి.

మానేరు_గట్టు

ఇది ఒప్పుకుంటాను. వాస్తవ విషయంలో తప్పు దొరికితే ఏ దశలోనైనా చెప్పాల్సిందే. నేను వద్దన్నది ముగింపు మార్చు, పేరు మార్చు అనే సలహాలను.

ఇంకో భయం కూడా ఉంది. మేము వేసిన ఒక అనువాదం విడుదలకు ముందే పీడీఎఫ్ వాట్సాప్ గుంపుల్లో తిరిగింది. ఎవరి నుంచి వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి పాఠకుడి పేరు ప్రతి పేజీ మీద లేతగా పడేలా పంపుతున్నాం. కొందరికి అది అనుమానించినట్టు అనిపిస్తోంది. ఏం చేయాలో చెప్పండి.

జగిత్యాల_కిరణ్

పేరు వేయండి, తప్పేమీ లేదు. ఇంగ్లిష్ వాళ్లు గడువు తర్వాత తెరుచుకోని ఫైళ్లు కూడా ఇస్తారు. మన వాళ్లకు కాగితం ప్రతి ఇవ్వడమే మేలు. స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తే అంచుల్లో పెన్సిల్‌తో రాసుకోవచ్చు కూడా.

వేములవాడ_లత

కిండిల్‌లో చదవమని ఒకరు ఫైలు పంపారు. డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చినట్టున్నారు, వత్తులన్నీ చెల్లాచెదురు. రచన మంచిదో కాదో తేల్చుకోలేకపోయాను. పంపేముందు ఒక్కసారి తెరిచి చూసుకోమని చెప్పండి ఎవరైనా.

మేడారం_దారి

ఒక సందేహం. ఉచితంగా వచ్చిన పుస్తకం మీద సమీక్ష రాసేటప్పుడు ఆ సంగతి చెప్పాలా?

జగిత్యాల_కిరణ్

చెప్పాలి. అమెరికాలో బ్లాగర్లకు ఆ నిబంధన 2009 నుంచే ఉంది. మన దేశంలో 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఉచితంగా వచ్చిన వస్తువు అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పమంది. ‘విడుదలకు ముందు రచయిత పంపగా చదివాను’ అని మొదటి వరుసలోనే రాస్తే సరిపోతుంది. పాఠకుడు దాన్ని దృష్టిలో పెట్టుకుని చదువుకుంటాడు.

కాజీపేట_రైలు

చదవకుండానే రాసేవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. పాఠకులు అభిప్రాయాలు రాసే గుడ్‌రీడ్స్ వెబ్‌సైటులో పుస్తకం విడుదల కాకముందే నక్షత్రాలు ఇవ్వవచ్చు. 2023లో ఒక అమెరికన్ రచయిత్రి నవల రష్యా నేపథ్యంలో ఉందన్న కారణానికే చదవనివాళ్లు వందల కొద్దీ ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఆమె విడుదలనే ఆపేసుకుంది. ముందే చదివిన పదిమంది నిజాయితీగా రాసి ఉంటే కొంతైనా అడ్డుకట్ట పడేదని నా నమ్మకం. అందుకే ఈ ముందస్తు పాఠకుల పనిని నేను తేలిగ్గా తీసుకోను. ఆ మధ్య మరొక...

పాకాల_చెరువు

కాజీపేట గారూ, మీ రైలు ప్రతి స్టేషనులోనూ ఆగుతోంది. శారద గారు ఫోను చేశారో లేదో ముందు తెలుసుకుందాం.

హనుమకొండ_శారద

చేశాను. ఈ చర్చ సారాంశం కూడా రాసి పంపాను, బతుకమ్మ సంగతి సరైనదేనని వేములవాడ నుంచి సాక్ష్యం ఉందని కూడా చెప్పాను.

ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నేను మేడారం చూసింది 2022లో, కథను మాత్రం ఏడాది ముందుకు జరిపాను, జాతర జరగదని తట్టలేదు’ అన్నారు. చెప్పినందుకు చాలా సంతోషించారు. చిక్కు ఏమిటంటే మొదటి అయిదు ఫారాలు ఇప్పటికే మిషన్ మీదికి వెళ్లాయి. 38వ పేజీలో 2023 అని స్పష్టంగా ఉంది. మేడారం ఘట్టం 131 నుంచి 142 వరకు.

ప్రూఫుల_మాస్టారు

129 నుంచి 144 తొమ్మిదో ఫారం. ఘట్టమంతా ఒకే ఫారంలో ఉంది, అదృష్టం. ప్లేటు చేయకుండా ఆపమనండి. 38 మూడో ఫారం, అది అచ్చయిపోయింది కాబట్టి ఏడాది మార్చలేరు. ఘట్టాన్నే 2023కు తగ్గట్టు మార్చాలి. అదీ పన్నెండు పేజీల్లోనే ఇమడాలి, లేకపోతే తర్వాతి ఫారాలన్నీ జరుగుతాయి.

మేడారం_దారి

మార్చవచ్చు, నా మాట వింటే ఘట్టం ఇంకా బలపడుతుంది. చిన్న జాతరలో మహాజాతరంత తొక్కిసలాట ఉండదు. మనిషి ముఖం మనిషికి కనిపిస్తుంది. కోటి మందిలో తమ్ముడు కనిపించడం కంటే, తల్లులు రాని గద్దెల దగ్గర బెల్లం పట్టుకుని నిలబడిన నలుగురిలో కనిపించడం నాకు ఎక్కువ నమ్మదగినదిగా ఉంది. ఎదురుకోళ్లు, చిలకలగుట్ట నుంచి రావడం మాత్రం తీసేయాలి. ఆమెకు క్రితం ఏడాది మహాజాతర గుర్తుకొచ్చినట్టు ఒక పేరాలో పెట్టుకోవచ్చు. ఆయనకు ఇష్టమైతే మా ఊరి పెద్దలతో మాట్లాడిస్తాను. శారద గారి ద్వారా నాకు కబురు పంపమనండి.

కొత్త_కలం

ఆయన సొంత ఘట్టం, ఆయనే నిర్ణయించుకోవాలి. కానీ చదువుతుంటే నాకే రాయాలనిపిస్తోంది.

హనుమకొండ_శారద

తాడ్వాయి వెళ్తానన్నారు. ఆవిష్కరణ రెండు వారాలు వాయిదా వేశారు. నేను సమీక్ష రాస్తాను, ముందే చదివానని చెప్పి రాస్తాను, అచ్చు ప్రతి చదివాకే రాస్తాను. తొమ్మిదో ఫారం కొత్త పేజీలు శుక్రవారానికి వస్తాయట. మాస్టారూ, మీరు ఒకసారి చూస్తారా?

ప్రూఫుల_మాస్టారు

తప్పకుండా. దిద్దిన చోటే కొత్త తప్పు దూరుతుంది, దానికి రెండో కన్ను కావాలి. కాగితం మీద ప్రింటు తీయించి పంపండి, ఫోనులో ప్రూఫు చూడను. ఎనిమిదో ఫారం చివరి పేజీ, పదో ఫారం మొదటి పేజీ కూడా జత చేయండి, వాక్యం అతుకు సరిపోయిందో చూడాలి.